అంతర్వేది ఇసుకలో మీ పాప చూసిన నీలం ప్రాణి ఏమిటంటే

మీరు అడిగింది ఇదీ: కార్తీక పౌర్ణమికి కుటుంబంతో అంతర్వేది వెళ్లారు. సముద్రస్నానం చేసి వస్తుంటే తడి ఇసుక మీద మెరుస్తున్న చిన్న నీలం ప్రాణిని మీ పాప చూపించింది. బల్లిపిల్లకి రెక్కలు మొలిచినట్టు ఉంది, పొడవు అంగుళం కూడా లేదు. అది ఏమిటి, విషమా, గోదావరిలోంచి కొట్టుకొచ్చిందా, ఇంట్లో అక్వేరియంలో పెంచుకోవచ్చా, తిరిగి నీళ్లలో వేస్తే బతికేదా అని అడిగారు.

మీరు పెట్టిన ఫొటో చూశాక అనుమానం లేదండి. అది నీలి డ్రాగన్. శాస్త్రీయ నామం గ్లాకస్ అట్లాంటికస్. చూడటానికి బల్లిలా ఉన్నా అది నత్త. గుల్ల లేని సముద్రపు నత్త. అది కుడుతుంది, చచ్చి పడి ఉన్నా కుడుతుంది. కాబట్టి చేత్తో ముట్టుకోకూడదు. గోదావరికీ దానికీ సంబంధం లేదు, నడిసముద్రం నుంచి గాలికి వచ్చింది. అక్వేరియంలో బతకదు. చివరి ప్రశ్నకి జవాబు కాస్త పెద్దది, అది ఆఖర్న చెబుతాను.

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పాను. పుట్టి పెరిగింది సఖినేటిపల్లి పక్కనే. ప్రతి ఏడూ పిల్లల్ని తీసుకుని అంతర్వేది, కేశవదాసుపాలెం, ఓడలరేవు, పేరుపాలెం తీరాల్లో నడిచేవాణ్ణి. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. అన్ని ఏళ్లలో ఈ ప్రాణి నాకు కనబడింది తొమ్మిది సార్లే. మీ పాప కన్ను మంచిదండి, చాలామంది దాన్ని ప్లాస్టిక్ ముక్క అనుకుని దాటిపోతారు.

ఎలా గుర్తుపట్టాలో ముందు చెబుతాను. ఒంటికి రెండు వైపులా మూడు జతల కాడలు ఉంటాయి, ఒక్కో కాడ చివర వేళ్లు విప్పిన చెయ్యిలా సన్నటి పిలకలు. ఆ పిలకల్ని సెరాటా అంటారు. ముందు జత పెద్దది, వెనక్కి వెళ్లేకొద్దీ చిన్నవి అవుతాయి. తోక సన్నగా సాగి ఉంటుంది. ఒక వైపు ముదురు నీలం, తెలుపు చారలు, రెండో వైపు వెండిలా బూడిద తెలుపు. పొడవు మామూలుగా మూడు సెంటీమీటర్ల లోపే. దీనికి ఒక చిన్న చుట్టం ఉంది, గ్లాకస్ మార్జినేటస్ అని. అది ఇంకా చిన్నది. నీలి డ్రాగన్‌కి పిలకలు ఒకే వరసలో విసనకర్రలా విచ్చుకుంటే, దానికి ఒకే కాడ మీద ఒకదాని వెనక ఒకటి గుంపుగా ఉంటాయి. మీ ఫొటోలో వరస ఒకటే కనిపిస్తోంది.

పేరులో అట్లాంటిక్ ఉందని కంగారుపడకండి. ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ రెండో సముద్రయానంలో, అంటే 1772 నుంచి 1775 దాకా, వెంట ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త ఫార్‌స్టర్ దాన్ని చూసి 1777లో ఆ పేరు పెట్టాడు. గ్లాకస్ అనేది గ్రీకుల సముద్ర దేవుడి పేరు. తర్వాత ఇది వెచ్చటి మహాసముద్రాలన్నిట్లోనూ ఉందని తేలింది. మన ఆంధ్ర తీరం నుంచి దీని గురించి 2012లో శాస్త్రీయంగా నమోదైంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను పోయాక చెన్నై బీసెంట్ నగర్ బీచ్‌లో కూడా కనబడ్డాయి. ఆ తుపానే బాపట్ల దగ్గర తీరం దాటింది, మీకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం: దాని పొట్టే పైకి ఉంటుంది. మీరు ఇసుక మీద చూసిన నీలం రంగు వీపు కాదండి, పొట్ట. ఈ నత్త గాలి బుడగని మింగి పొట్టలో దాచుకుంటుంది. ఆ బుడగ వల్ల నీటి పైపొరని అంటిపెట్టుకుని వెల్లకిలా తేలుతుంది. జీవితమంతా అలాగే. పైనుంచి చూసే పక్షికి నీలం పొట్ట సముద్రంలో కలిసిపోతుంది. కిందనుంచి చూసే చేపకి వెండి వీపు, పైన మెరిసే నీటి మీద కలిసిపోతుంది. చాలా చేపలకి కూడా వీపు ముదురుగా, పొట్ట తెల్లగా ఉండేది ఇందుకే. మన సంతలో కవళ్ళు, కానాగంతలు చూడండి, అదే పద్ధతి. ఈ నత్త తలకిందులుగా బతుకుతుంది కాబట్టి రంగులు కూడా తలకిందులయ్యాయి. నాకు ఈ ప్రాణిలో అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే. పిల్లలకి చెప్పేటప్పుడు ఒక తెల్ల ఎనామెల్ బేసిన్‌లో సముద్రపు నీళ్లు పోసి, చిన్న ఆకుతో దాన్ని ఎత్తి వేసేవాణ్ణి. బోర్లా తిప్పి వదిలినా కాసేపట్లో ఒళ్లు మెలితిప్పుకుని మళ్లీ వెల్లకిలా అయ్యేది. ఒక్క డయాగ్రాం గీయకుండా పాఠం అయిపోయేది.

అది ఒక్కతే రాదు. నీటి పైపొర మీద గాలికి కొట్టుకుపోతూ బతికే నీలం జీవుల గుంపు ఒకటి ఉంది, అందులో ఇదొకటి. మీరు అదే రోజు ఇంకో వంద అడుగులు నడిచి ఉంటే మిగతావాళ్లు కూడా కనబడేవాళ్లే. గుండ్రంగా రూపాయి బిళ్లలా ఉండి చుట్టూ నీలం కుచ్చు ఉండేది పోర్పిటా, ఇంగ్లీషులో బ్లూ బటన్ అంటారు. ఊదిన చిన్న బుడగలా నీలం, గులాబీ రంగుల్లో ఉండి కింద తాడులాంటి తోకలు ఉండేది ఫైసేలియా. దీన్నే పోర్చుగీస్ మ్యాన్ ఆఫ్ వార్ అంటారు. జెల్లీ చేపలా కనిపిస్తుంది గానీ జెల్లీ చేప కాదు, ఎన్నో జీవులు కలిసి ఒకే ఒంటిగా బతికే కాలనీ. దాని తోకలు పది మీటర్లు సాగడం మామూలే. ఊదా రంగు పెంకు ఉన్న జాంథినా అనే నత్త కూడా ఈ గుంపులోదే. అది నురుగు బుడగలు కట్టి, ఆ తెప్పకి వేలాడుతూ తేలుతుంది.

నీలి డ్రాగన్ తిండి వీటినే. ముఖ్యంగా ఫైసేలియా. తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఆ బుడగకి కరుచుకుని, రంపం పళ్లలాంటి పళ్ల వరసతో కొరుక్కుని తింటుంది. ఫైసేలియా తోకల నిండా దంశకణాలు ఉంటాయి. దంశకణం అంటే, లోపల చుట్ట చుట్టి పెట్టిన విషపు ముల్లు ఉన్న అతి చిన్న తిత్తి. ఏదైనా తగిలిందా, ముల్లు బయటికి దూసుకొచ్చి గుచ్చుతుంది. ఈ నత్త వాటిని మింగినా దానికి ఏమీ కాదు. లోపలి గోడలకి ఉన్న గట్టి పొర, జిగురు దాన్ని కాపాడతాయి. పేలని కణాలు అరగకుండా పేగు కొమ్మల గుండా నడిచి పిలకల చివర ఉన్న సంచుల్లోకి చేరతాయి. అక్కడ నిల్వ ఉంటాయి. ఎవరైనా దాన్ని పట్టుకుంటే ఆ అరువు ముళ్లే గుచ్చుకుంటాయి. అంటే నత్తకి సొంత విషం లేదు, ఫైసేలియా విషమే దాని విషం. థాంప్సన్, బెన్నెట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1969లో ఈ సంగతిని రాసి చూపించారు. 2014లో పసిఫిక్ సముద్రంలో ఈ కుటుంబానికి చెందిన మూడు కొత్త జాతుల్ని గుర్తించినప్పుడు, అందులో రెండిటికి వాళ్ల పేర్లే పెట్టారు.

అది ఏరి దాచుకునేది మామూలు కణాల్ని కాదు, ఫైసేలియాలోని పెద్దవాటిని. అందుకే ఇంత చిన్న ప్రాణి కుట్టినా మంట తక్కువేమీ కాదు. కడుపులో ఏం పడింది అన్నదాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. బ్లూ బటన్లే తిని వచ్చిందైతే అంత బాధ ఉండకపోవచ్చు. కానీ ఏది తిని వచ్చిందో ఇసుక మీద చూసి చెప్పలేం కదా.

మా బ్యాచ్‌లో ఒకసారి ఏం జరిగిందో చెబుతాను. ఓడలరేవు దగ్గర ఒక అబ్బాయి దాన్ని అరచేతిలో వేసుకుని ఫొటో తీయించుకున్నాడు. అరచేతి తోలు మందం కాబట్టి అతనికి ఏమీ అనిపించలేదు. ఐదు నిమిషాల తర్వాత అదే చేత్తో చెమట తుడుచుకున్నాడు. కనురెప్ప, చెంప మీద ఎర్రటి గీతలు లేచి, కన్ను మూసుకుపోయేంత వాపు వచ్చింది. మేమంతా టెన్షన్ పడిపోయాం. కన్ను కాబట్టి నేను ఏ ప్రయోగమూ చేయకుండా ఆటోలో ఎక్కించి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు రోజులకి తగ్గింది. ఆ రోజు నుంచి బీచ్‌కి వెళ్లే ముందు నేను చెప్పే మొదటి మాట, నీలంగా ఉన్నది ఏదైనా సరే కళ్లతోనే చూడండి అని.

అక్కడే అలివి వల లాగుతున్న పెద్దాయన ఒకరు ఆ అబ్బాయిని చూసి, "మా చేతులకి రోజూ ఇదే మాస్టారూ, వల లాగినాక కడుక్కోకుండా మొహం ముట్టుకోం" అన్నారు. వలలకి అంటుకున్న జెల్లీ ముక్కలతో వాళ్లకి నిత్యం అనుభవం. ఆ మాట మన పిల్లలకి కూడా నేర్పితే చాలు.

కుడితే ఏం చేయాలి. మా వైపు సున్నం రాయడం, కిరసనాయిలు పోయడం, ఇసుకతో రుద్దడం చూశాను. మూడూ వద్దు. రుద్దితే పేలకుండా మిగిలిన కణాలు కూడా పేలుతాయి. మంచినీళ్లతో కడిగినా అంతే. సముద్రపు నీళ్లతో కడగండి. ఏదైనా పోగు అంటుకుని ఉంటే పట్టకారుతో గానీ, ఏటీఎం కార్డు అంచుతో గానీ తీసేయండి, వేళ్లతో వద్దు. తర్వాత చర్మం ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే నలభై ఐదు డిగ్రీల లోపు, ఇరవై నిమిషాలు ఆ భాగాన్ని ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. పిల్లలకైతే ముందు మీ చెయ్యి పెట్టి చూసుకోండి, కాల్చకూడదు. ఊపిరి ఆడకపోవడం, ఛాతీ పట్టేయడం, మొహం వాయడం, వాంతులు, ఇవి ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కంట్లో పడితే కూడా అంతే. మీ పాప ముట్టుకోలేదని రాశారు, చదివి మనసు కుదుటపడింది.

ఇక గోదావరి సంగతి. నది నుంచి వచ్చిందా అన్న మీ అనుమానం సహజమే. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడితే ఒక పక్క గోదావరి పాయ వశిష్ఠ, ఒక పక్క సముద్రం కనిపిస్తాయి, ఏది ఎటు నుంచి వచ్చిందో చెప్పడం కష్టం. కానీ ఈ నత్తకి మంచినీళ్లు ప్రాణాంతకం. ఇది అనుభవం మీద తెలుసుకున్నాను. ఒక ఏడు ఇద్దరు అమ్మాయిలు ఎంతో మురిపెంగా దాన్ని వాటర్ బాటిల్లో వేసుకుని కాలేజీకి తెచ్చారు. బాటిల్లో ఉన్నవి తాగే నీళ్లు. రాజోలు చేరేలోపే అది ఉబ్బి, పిలకలు ఊడి, జిగురు ముద్దయింది. లోపల ఉప్పు, బయట ఉప్పు లేని నీళ్లు, ఒంట్లోకి నీళ్లు లాక్కుని చచ్చిపోయింది. ఆ అమ్మాయిలు చాలా బాధపడ్డారు. ముందే చెప్పనందుకు నేనూ బాధపడ్డాను.

జూలై నుంచి అక్టోబరు దాకా వరద నీళ్లు దిగుతున్నప్పుడు మన మొగల ముందు, అంటే గోదావరి పాయలు కడలిలో కలిసే చోట్ల, సముద్రం పైపొర చాలా దూరం వరకు ఉప్పు తగ్గిపోయి, ఎర్రగా బురదగా ఉంటుంది. పైపొర మీదే బతికే ప్రాణికి అది పనికిరాని చోటు. అందుకే వరద రోజుల్లో నాకు ఒక్కసారి కూడా కనబడలేదు. కనబడిన తొమ్మిదిసార్లలో ఆరు, బంగాళాఖాతంలో వాయుగుండం లేచి తూర్పు నుంచి గాలి రెండు మూడు రోజులు విడవకుండా కొట్టిన తర్వాతే. లోపలి ఉప్పు నీటి పైపొరని గాలి ఒడ్డుకి తోస్తుంది, దాంతోపాటు తెరచాపలు ఉన్నవీ, బుడగలు ఉన్నవీ అన్నీ వస్తాయి. ఈ నత్త కొద్దిగా ఒళ్లు కదిలించగలదు గానీ గాలికి ఎదురు ఈదలేదు. మీరు వెళ్లిన వారంలో కూడా వాయుగుండం ఉందని మీరే రాశారు. లెక్క సరిపోయింది.

ఇంకో ప్రశ్న మీరు అడగలేదు గానీ, ఫొటో చూసినవాళ్లు చాలామంది అడుగుతారు. ఇంటర్నెట్లో రంగురంగుల సముద్రపు నత్తలు అన్ని కనిపిస్తాయి కదా, మన కోనసీమ తీరంలో ఎందుకు లేవు అని. ఇవన్నీ న్యూడిబ్రాంకులనే వర్గానికి చెందినవి. నగ్నంగా ఉన్న మొప్పలు అని ఆ మాటకి అర్థం. వాటిలో ఎక్కువ భాగం రాళ్ల మీద, పగడాల మీద పాకుతూ స్పాంజీల్ని, హైడ్రాయిడ్లనే చిన్న జీవుల్ని తిని బతుకుతాయి. ఒక్కో జాతికి ఒక్కో తిండే. మన డెల్టా అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. భైరవపాలెం నుంచి అంతర్వేది దాకా ఎక్కడ చూసినా ఇసుక, బురద, మడ అడవి. పట్టుకోవడానికి రాయి లేదు, నీళ్లలో వెలుతురు దూరదు. స్పాంజీ లేని చోట స్పాంజీ తినే నత్త ఎలా ఉంటుంది? వాటిని చూడాలంటే విశాఖ వెళ్లండి. జోడుగుళ్లపాలెం, రుషికొండ వైపు అమావాస్యకో పౌర్ణమికో బాగా ఆటు దిగినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో ఓపికగా కూర్చుంటే దొరుకుతాయి. రాళ్ల మీద నాచు జారుతుంది, పిల్లల చెయ్యి వదలకండి.

నీలి డ్రాగన్‌కి మాత్రం రాయి అక్కర్లేదు, అడుగు అక్కర్లేదు. అందుకే మన ఇసుక తీరానికి కూడా వచ్చే, గుల్ల లేని రంగుల నత్త నాకు తెలిసి ఇదొక్కటే.

సంతానం సంగతి కూడా కాస్త. ప్రతి ప్రాణిలోనూ ఆడ, మగ రెండు భాగాలూ ఉంటాయి. జతకట్టాక రెండూ గుడ్లు పెడతాయి. గుడ్లు దారానికి గుచ్చిన పూసల్లా వరసగా ఉంటాయి. నడిసముద్రంలో గుడ్లు పెట్టడానికి చోటు ఎక్కడ? తాను తిని మిగిల్చిన పోర్పిటా లాంటివాటి డొల్ల మీద పెడుతుంది. తినగా మిగిలిన ఎంగిలే పిల్లలకి తెప్ప అవుతుంది. గుడ్డులోంచి వచ్చే డింభకానికి చిన్న గుల్ల ఉంటుంది, పెద్దయ్యేటప్పుడు దాన్ని వదిలేస్తుంది. నత్త జాతిదని చెప్పడానికి ఆ కాసిన్ని రోజుల గుల్లే సాక్ష్యం. బేసిన్‌లో ఒకసారి ఒక రాత్రి ఉంచినప్పుడు తెల్లారేసరికి నీళ్లలో ఇలాంటి దారాలు కనిపించాయి. లెన్సులో చూసి పిల్లలు ఆ గంట క్లాసు నుంచి కదల్లేదు.

అక్వేరియం ఎందుకు వద్దో ఇప్పటికి మీకే అర్థమై ఉంటుంది. దానికి తిండి బతికున్న ఫైసేలియా, పోర్పిటా. వాటిని మీరు ఎక్కడి నుంచి తెస్తారు? తెచ్చినా తొట్టెలో బతకవు. పైగా గాజు గోడకి కొట్టుకుంటూ పిలకలు చెదిరిపోతాయి. నేను ఎప్పుడూ ఒక రాత్రికి మించి ఉంచలేదు. ఫార్మలిన్‌లో దాచుదామన్నా రంగు పోతుంది. మా కాలేజీ ల్యాబ్ సీసాలో ఉన్నది ఇప్పుడు బూడిద రంగు ముక్క, నీలం జాడ కూడా లేదు. ఫొటోనే మంచి జ్ఞాపకం.

ఈసారి కనిపిస్తే పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీయండి. తేదీ, టైము, బీచ్ పేరు, గాలి ఎటు నుంచి వీస్తోందో రాసుకోండి. ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే చూసి పేరు నిర్ధారించేవాళ్లు ఉన్నారు. మన మొగల దగ్గర నుంచి ఇలాంటి ఫొటోలు చాలా తక్కువ. మీ పాప తీసినదైనా పనికొస్తుంది. పోటు వచ్చి వెళ్లాక చెత్త వరసగా నిలిచే గీత ఉంటుంది కదా, దాని వెంట చెప్పులు వేసుకుని నడవండి. ఉత్త కాళ్లతో వద్దు, ఫైసేలియా తోక ఇసుకలో పూడి కనిపించదు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్లే వాళ్లు కూడా నీళ్లలో దిగే ముందు ఆ గీత మీద నీలం బుడగలు ఉన్నాయేమో ఒకసారి చూసుకుంటే మంచిది. ఒడ్డున నాలుగైదు కనిపిస్తే నీళ్లలో ఇంకా ఉన్నట్టే, ఆ పూట పిల్లల్ని దించకండి.

తిరిగి నీళ్లలో వేస్తే బతుకుతుందా అన్నారు. ఒళ్లు ఇంకా తడిగా ఉండి, పిలకలు మెల్లగా ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటే బతికే ఉన్నట్టు. సరుగుడు కొమ్మతో గానీ, ఆల్చిప్పతో గానీ ఎత్తి మోకాలి లోతు నీళ్లలో వదలవచ్చు. కానీ గాలి ఒడ్డువైపే కొడుతున్నంతసేపు తర్వాతి కెరటమే దాన్ని మళ్లీ ఇసుక మీద పడేస్తుంది. నేను ఒకసారి ఒకే నత్తని మూడుసార్లు వదిలాను, మూడుసార్లూ నా కాళ్ల దగ్గరికే వచ్చింది. నాలుగోసారి వేటకి వెళ్తున్న బోటువాళ్లకి చిన్న బకెట్టులో సముద్రపు నీళ్లు పోసి, అందులో వేసి ఇచ్చాను. బురద నీళ్లు దాటి నీలం నీళ్లు వచ్చాక వంచేశామని సాయంత్రం వచ్చి చెప్పారు.